నాలుగో పాదం

ఉక్రెయిన్ దేశంలో, పాత పెద్ద ప్రభుత్వం ఇంకా పెద్దగానే ఉన్న రోజుల్లో, వెర్బిచ్ అనే చిన్న జిల్లా ఊరికి కెప్టెన్ స్విరిద్ బొందార్ అనే అధికారి వచ్చాడు. అంతకుముందు పన్నెండేళ్ళు చక్కెర మిల్లు గేటు దగ్గర, చక్కెర తీసే బీట్ దుంపలు తనిఖీ చేశాడాయన. బండెడు దుంపలు వస్తే తూకం అక్కర్లేదు. ఒక్క చూపు చూసి, ఇందులో దుంప ఇంత, అంటుకున్న మట్టి ఇంత అని చెప్పేసేవాడు. దుంపకంటిన మట్టి చెప్పగలిగినవాడు మనిషికంటిన మట్టి చెప్పలేడా అని పైవాళ్ళు ఆలోచించి, తెచ్చి మూల మేడలో కూర్చోబెట్టారు.

మూల మేడ అంటే బజారు చివర మలుపు మీదున్న పసుప్పచ్చ మేడ. దాని అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ జనం నోట్లో లేదు. "ఫలానావాడు కనబడ్డం లేదేం?" అని ఎవరైనా అడిగితే, "మూలకెళ్ళాడు" అనేవాళ్ళు. ఆ తర్వాత మాట వానల మీదికి మళ్ళేది.

ఆ ఊళ్ళోనే లెవ్కో జురావెల్ అనే కవి ఉన్నాడు. ఒకప్పుడు బడిపంతులు. పిల్లలకు పాఠం చెబుతూ చెబుతూ సొంత పద్యం ఒకటి చెప్పేసి ఉద్యోగం పోగొట్టుకుని, తేనెటీగల పెట్టెలు పెట్టుకుని బతుకుతున్నాడు. తేనెటీగల మీదా, మంచు మీదా, బావి చేంతాడు మీదా రాసుకునేవాడు. అంతవరకే అయితే మూల మేడ అతని జోలికి పోయేది కాదు. దేశంలో తేనెటీగల మీద రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందులో కొందరికి బిరుదులు కూడా ఉన్నాయి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ ఏడు ప్రభుత్వం ఎక్కడో దూరపు నగరంలో చాలా దేశాలతో కలిసి మనుషుల హక్కుల మీద ఒప్పందం రాసుకుంది. సంతకం పెట్టిన గొప్ప నలుగురికీ తెలియాలని దాన్ని పొల్లుపోకుండా పత్రికలో అచ్చేసింది. అచ్చేసినదాన్ని ఎవడైనా చదువుతాడని దానికి తోచలేదు. లెవ్కో చదివాడు. చదివి ఊరుకోక కత్తిరించి, చెక్కకు అతికించి, గేటుకు వేలాడదీశాడు.

ఇక ఊళ్ళో ఎవరికి ఏ అన్యాయం జరిగినా వచ్చి ఆ చెక్క ముందు నిలబడేవాళ్ళు. లెవ్కో వేలు పెట్టి చూపించేవాడు. "ఇదిగో, ఇక్కడుంది చూడు. ఇది నీ హక్కు. కాదంటారా, కాదని కాగితం మీద రాసిమ్మను."

కాదని నోటితో చెప్పడానికి వెర్బిచ్‌లో వందమంది అధికారులున్నారు. రాసివ్వడానికి ఒక్కడూ లేడు. రాసివ్వడానికి భయపడి పనులు చేసిపెట్టడం మొదలెట్టారు. ఇది చాలా ప్రమాదమని మూల మేడ గుర్తించింది.

మార్చి నెల, మంచు కరిగి ఊరంతా మోకాలి లోతు బురదగా ఉన్న రోజున, మిట్టమధ్యాహ్నం కెప్టెన్ లెవ్కో ఇంటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. లెవ్కో బల్ల ముందు కూర్చుని ఏదో రాస్తున్నాడు. తలెత్తి కెప్టెన్ ముఖం చూశాడు. తర్వాత అప్పుడే కడిగిన నేల మీద కెప్టెన్ బూట్లు వేసిన ముద్రలు చూశాడు.

"తలుపు తడితే తీసేవాణ్ణి కదండీ" అన్నాడు.

"నువ్వు నాతో రావాలి."

"ఎందుకో రాసిస్తారా?"

కెప్టెన్ రాసివ్వలేదు. బల్ల మీది నోటుపుస్తకం చంకన పెట్టుకున్నాడు. లెవ్కోకి ఐదేళ్ళ శిక్ష పడింది. ఉత్తరాన, ఉమ్మితే కింద పడేలోగా గడ్డకట్టే చోట.

కెప్టెన్ కష్టాలు అక్కణ్ణుంచి మొదలయ్యాయి.

స్వాధీనం చేసుకున్న రాతలకు పద్నాలుగో నంబరు పత్రం అని ఒకటుంది. నిషిద్ధ రచన పూర్తి పాఠం ఏడు ప్రతులు టైపు కొట్టించాలి, కింద ఏడుగురు సంతకాలు పెట్టాలి, ఆ తర్వాత అసలు కాగితం తగలబెట్టాలి. టైపు కొట్టేది మోత్రియా. యాభై దాటిన పల్లెటూరి మనిషి. ఊరంతా పిన్ని అనే పిలుస్తుంది, కెప్టెన్ కూడా. నేల తుడిచే పోస్టు ఆరేళ్ళుగా ఖాళీగా ఉండడంతో తుడుపు కూడా ఆవిడ నెత్తినే పడింది.

నలభై పద్యాలు చకచకా కొట్టేసి, నలభై ఒకటో దాని దగ్గర ఆగింది.

"నాయనా, ఇది సగంలో ఉంది."

"సగంలో ఎందుకుంది?"

"సగంలో నువ్వెళ్ళావు గనక."

కెప్టెన్ చూశాడు. మూడు పాదాలున్నాయి.

*తలుపు తట్టకుండా*
*లోపలికొచ్చే హక్కు*
*వసంతానికి ఒక్కదానికే —*

ఆ గీత తర్వాత కలం జారిన మరక. మిగతా పద్యాలన్నీ నాలుగేసి పాదాలు.

"ఉన్నంతవరకే కొట్టెయ్ పిన్నీ."

"పూర్తి పాఠం అని ఉంది పత్రంలో. పూర్తి కానిదాన్ని నమోదు చెయ్యకూడదు. నమోదు కానిదాన్ని తగలబెట్టకూడదు. తగలబెట్టకపోతే నీ బీరువాలో ఉంటుంది. నిషిద్ధ రచన బీరువాలో పెట్టుకున్నవాడికి మూడేళ్ళు." మోత్రియా కళ్ళజోడు తుడుచుకుంది. "నాకెందుకులే, నేను టైపు కొట్టేదాన్ని."

కెప్టెన్ పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కవి దగ్గరికి మనిషిని పంపి నాలుగో పాదం అడిగిస్తే? అడిగిద్దామంటే ఖైదీకి కవిత్వం రాసే అనుమతి లేదు. కాబట్టి పాద నిర్ధారణ సంఘం అని ఒకటి వేశారు. గ్రంథాలయాధికారి అధ్యక్షుడు. తగలబెట్టే పని ఉంది కనక అగ్నిమాపక అధికారి సభ్యుడు. తేనెటీగలున్నాయి కనక పశువైద్యుడు సభ్యుడు. ఇంకో ముగ్గురు సంతకాలకోసం. కెప్టెన్ కార్యదర్శి.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "సభ్యులారా! రచయిత తన నిర్లక్ష్యం వల్ల అసంపూర్ణంగా వదిలేసిన భాగాన్ని, రచయిత మనోభావాలకు అనుగుణంగా, ప్రభుత్వ పక్షాన పూరించవలసిన చారిత్రక బాధ్యత మనపై ఉన్నది."

అగ్నిమాపక అధికారి వెంటనే చెయ్యెత్తాడు. "మరియు అగ్నిమాపక సిబ్బందికి, అని పెట్టండి. మేం తలుపు తట్టం. చట్టంలోనే ఉంది."

"బాగుంది. కానీ అప్పుడది చట్టబద్ధమైన పద్యం అవుతుంది. చట్టబద్ధమైన పద్యాన్ని ఎలా నిషేధిస్తాం?" అన్నాడు అధ్యక్షుడు.

"మరియు సంబంధిత అధికారులకు, అంటే?" అన్నాడు పశువైద్యుడు.

"అది ఇంకా ప్రమాదం. దానికి బహుమతి ఇవ్వాల్సొస్తుంది. మనం పూరించే పాదం తగినంత హానికరంగా ఉండితీరాలి. లేనిపక్షంలో పద్యం మొత్తం నిషేధానికి అనర్హమైపోతుంది."

హానికరమైన పాదం ఎవరికీ తట్టలేదు. ముప్పై ఏళ్ళుగా హానికరం కాని మాటలే మాట్లాడి నాలుకలు బిగుసుకుపోయి ఉన్నాయి. మూడు రోజులు కూర్చున్నారు. మూడో రోజు సాయంత్రం కెప్టెన్ కాస్త గాలికని బయటికెళ్ళి తిరిగొస్తే, గది మధ్యలో తుడుపుగుడ్డతో మోత్రియా నిలబడి ఉంది.

"ఇప్పుడే తుడిచాను కదయ్యా! దుంపల బండి లాగా ఆ బురదేంటి? వసంతం అంటే వచ్చింది, దాన్ని ఆపలేం. నీకేమొచ్చింది? గుమ్మంలో బూట్లు విప్పితే నీ భుజం మీది పట్టీలు రాలిపోతాయా?"

కెప్టెన్ కిందికి చూశాడు. తన బూట్ల ముద్రలు. వాటిని ఇంకో నేల మీద కూడా చూసినట్టు గుర్తొచ్చింది. వచ్చి కూర్చుని పెన్సిలు తీసి రాశాడు.

*మిగతావాళ్ళు గుమ్మంలో బూట్లు విప్పాలి.*

పశువైద్యుడు తన బూట్లు బల్ల కిందికి లాక్కున్నాడు.

"హానికరం!" అన్నాడు అధ్యక్షుడు సంతోషంగా. "నిస్సందేహంగా హానికరం! అచ్చం జురావెల్ రాసినట్టే ఉంది!"

ఏడుగురూ సంతకాలు పెట్టారు. నోటుపుస్తకాన్ని అగ్నిమాపక అధికారి స్వహస్తాలతో తగలబెట్టాడు. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే కెప్టెన్‌కు గుండెలో ఏదో వింతగా ఉంది. మట్టి రవ్వంత లేని దుంపల బండి జీవితంలో ఒక్కసారి చూశాడాయన. అప్పుడు కూడా ఇలాగే అనిపించింది.

ఆ సంగతి అంతటితో అయిపోయేదే. కానీ ఎండాకాలంలో పోస్టాఫీసు నుంచి ఒక కార్డు దాటిపోయింది. దానిమీద లెవ్కో పద్యం ఉంది. కెప్టెన్ వెళ్ళి పోస్టాఫీసు గుమాస్తావిడను గదమాయించాడు.

ఆవిడ భయపడలేదు. "నాకెలా తెలుస్తుందండీ? దొంగ మొహం తెలిస్తే కదా దొంగని పట్టుకునేది! ఆ నిషేధించిన పద్యాలేవో నాకూ చూపించండి, ఒక్కటి దాటితే అడగండి."

కాదనడానికి కెప్టెన్‌కు కారణం దొరకలేదు. రాజధానికి రాశాడు. రాజధానిలో కర్నల్ రోదిన్ అనే పై అధికారి ఉన్నాడు. ఆయన చాలా మెచ్చుకుని, "నిషిద్ధ వాఙ్మయ గుర్తింపు శిక్షణా కార్యక్రమం ఆమోదించడమైనది, విస్తృతపరచవలెను" అని పెద్ద సంతకం చేసి పంపాడు.

ప్రతి బుధవారం సాంస్కృతిక భవనంలో తరగతులు. మొదట పోస్టాఫీసు, రైల్వే. తర్వాత రొట్టెల దుకాణం, ఎందుకంటే క్యూలో నిలబడేవాళ్ళు ఊరకే నిలబడరు, ఏదో ఒకటి అంటూ ఉంటారు. తర్వాత మంగలి షాపు. తర్వాత మంత్రసానులు, పుట్టినవాడి మొదటి మాట వినేది వాళ్ళే కదా. కాగితం దగ్గర పెట్టుకుంటే నేరం కాబట్టి అన్నీ కంఠతా పట్టాలని నిబంధన. కాగితం మీదుంటే శిక్ష, నోట్లో ఉంటే అర్హత. ఎనభై మార్కులు రాకపోతే పాసు కానట్టు.

మోత్రియా చదివేది, హాలంతా వెనకాల అనేది. కెప్టెన్ మధ్యమధ్యలో ఆపి, "ఇందులో హాని ఎక్కడుందో చెప్పండి" అని అడిగేవాడు. జనం ఆలోచించి ఆలోచించి చెప్పేవాళ్ళు. అంతకుముందు కవిత్వం గురించి అంత ఆలోచించినవాళ్ళు ఆ జిల్లాలో లేరు. ట్రాక్టరు డ్రైవర్లు బావి చేంతాడు పద్యం మీద రెండు ముఠాలయ్యారు.

పరీక్షలో నూటికి తొంభై ఎనిమిదిమంది పాసయ్యారు.

తర్వాత జరిగిందానికి నిబంధనల్లో పేరు లేదు. ఏ అధికారి ఏ ఇంటికెళ్ళినా, ఆ ఇంటివాళ్ళు లేచి, "దయచేయండి" అని, ఆయన బూట్ల వంక చూసేవాళ్ళు. అంతే. మాట అనరు. చూస్తారు. ఏ అధికారైనా ఎంతసేపని నిలబడతాడు? వంగి విప్పుకునేవాడు. విప్పినవాడు మేజోళ్ళతో ఏం గర్జిస్తాడు? దుంపల వాటా గురించి బెదిరించడానికెళ్ళిన సామూహిక వ్యవసాయ క్షేత్రం ఛైర్మన్, చల్లటి నేల మీద ఒంటికాలి మీద మారి మారి నిలబడి, టీ తాగి, ఆరోగ్యం అడిగి వచ్చేశాడు. బూట్ల వంక చూడడం నేరమని ఏ చట్టంలోనూ లేదు. కెప్టెన్ వెతికించాడు.

రెండో చలికాలం చివర, పరీక్షా ఫలితాల్లో మొదటి స్థానం వచ్చిందని వెర్బిచ్‌కు ఎర్ర పతాకం బహూకరించడానికి కర్నల్ రోదిన్ స్వయంగా వచ్చాడు. సాంస్కృతిక భవనం గుమ్మం ముందు ఐదొందల జతల బూట్లు వరసగా ఉన్నాయి. కర్నల్ వాటిని దాటుకుంటూ టకటకా లోపలికి నడిచాడు. ఐదొందలమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక్కసారిగా ఆపేసి కిందికి చూశారు.

కర్నల్ ఏదో అంటుకుందనుకుని తనూ చూసుకున్నాడు. హాలు ఇంకా చూస్తూనే ఉంది. ముందు వరసలో గ్రంథాలయాధికారి, అగ్నిమాపక అధికారి అందరూ మేజోళ్ళతోనే ఉన్నారు. కర్నల్ చివరికి వంగి విప్పాడు. కుడి మేజోడు కన్నంలోంచి బొటనవేలు కొత్త బంగాళాదుంపలా బయటికొచ్చింది.

చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి మనస్ఫూర్తిగా.

మర్నాడు మూల మేడలో కర్నల్ బల్ల గుద్దాడు. "ఏ పాదం? ఏ పాదం ఇది చేసింది?" పద్యాన్ని రాజధానిలోని నిపుణులకు పంపితే జవాబొచ్చింది. మొదటి మూడు పాదాలూ కేవలం వాతావరణ సమాచారం. నాలుగో పాదం మాత్రం అధికార వ్యవస్థ మీద బహిరంగ దాడి. దానికి విడిగా ఇంకో ఐదేళ్ళు వెయ్యవచ్చు. లెవ్కోను ఉత్తరం నుంచి పిలిపించారు.

నాలుగు పాదాలూ ముద్దాయివే అని కెప్టెన్ సంతకం చెయ్యాలి. కాగితం ముందుంది. కలం చేతిలో ఉంది. కెప్టెన్ ఆ కాగితాన్ని బండిలా చూశాడు. ఇందులో దుంప ఎవరిది, మట్టి ఎవరిది? ఆయనకు తెలుసు. ఆ గదిలో ఇంకొక్క మనిషికి తెలుసు. ఆవిడ టైపు మిషను మీద దుమ్ము తుడుస్తోంది.

"పిన్నీ, ఏం చెయ్యమంటావు?"

"నేను టైపు కొట్టేదాన్ని నాయనా. ఆ మనిషికి ఇంకో ఐదేళ్ళంటే ఆ చలికి తిరిగిరాడు. అది నా పత్రంలో ఉండదు, నీ దాంట్లో ఉంటుంది."

లెవ్కోను తీసుకొచ్చారు. సగమయ్యాడు. ముందు పళ్ళు రెండు లేవు. కానీ గుమ్మంలో ఆగి, ఖైదీ బూట్లు విప్పి పక్కన పెట్టి మరీ లోపలికొచ్చాడు. కర్నల్‌కు అది కూడా కుట్రలాగే కనిపించింది.

"ముద్దాయీ! నీ పద్యం చెప్పు. వసంతానికి ఒక్కదానికే... ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఈయన వచ్చారండి" అన్నాడు లెవ్కో, కెప్టెన్‌ను చూపిస్తూ.

"నాలుగో పాదం చెప్పమంటున్నాను!"

"రాయలేదండి. రెండేళ్ళుగా అక్కడ ఆలోచిస్తూనే ఉన్నాను. కుదరలేదు."

మోత్రియా రిజిస్టరులో రాసుకుంటూ, "నాలుగింట మూడు. డెబ్బై అయిదు మార్కులు. పాసు కాలేదు" అంది.

కర్నల్ నాలుగో పాదం గట్టిగా చదివి వినిపించాడు. లెవ్కో కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఆ చిన్న మొహం నిండా నవ్వాడు.

"అబ్బ! ఇది నాకు తట్టకపోయిందే! ఎవరిదండీ ఇది?"

కెప్టెన్ బొందార్ కలం కింద పెట్టాడు.

"నాదండి" అన్నాడు.

కర్నల్ ఎర్రబడ్డాడు. "నిషిద్ధ రచన తయారుచేసినవాడికి ఐదేళ్ళు! తెలుసా?"

"తెలుసండి."

"తయారుచేసినవాడికి ఐదు, దాచినవాడికి మూడు, పంచినవాడికి ఏడు" అంటూ మోత్రియా బీరువాలోంచి దస్త్రం తీసి బల్ల మీద పెట్టింది. "తయారుచేసిందానికి సంఘంవాళ్ళ సంతకాలు ఏడు ఇక్కడున్నాయి బాబూ. టైపు కొట్టింది నేను. దాచింది ఈ బీరువా. పంచడం మాత్రం జిల్లా అంతా జరిగింది. దానికి ఆజ్ఞ ఇదిగో, 'ఆమోదించడమైనది, విస్తృతపరచవలెను.' సంతకం తమరిదే. ఎంత అందంగా ఉందో అని అప్పుడే అనుకున్నాను."

కర్నల్ తన సంతకాన్ని చాలాసేపు చూశాడు. అంత పెద్దగా చెయ్యకుండా ఉండాల్సిందని తోచినట్టుంది.

లెవ్కో జాలిపడ్డాడు. "భయపడకండి కర్నల్ గారూ. ఒప్పందంలో మీకూ హక్కులున్నాయి. కావాలంటే దరఖాస్తు నేను రాసిపెడతాను."

కర్నల్ లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. బయట మంచు కరుగుతోంది. తిరిగొచ్చి నిలబడేసరికి గొంతు మళ్ళీ ప్రభుత్వపు గొంతు అయిపోయింది.

"సమగ్ర పునఃపరిశీలన అనంతరం తేలినదేమనగా, సదరు రచన ప్రభుత్వ కార్యాలయములలో నేల పరిశుభ్రతను ప్రోత్సహించు నినాదము మాత్రమే. నిపుణులు పొరబడినారు. దీనిని అన్ని కార్యాలయముల గుమ్మములకు అతికించవలెను. పరిశుభ్రత నినాదమునకు మనిషిని జైలులో ఉంచుట సమంజసము కాదు. రాయి, పిన్నీ... రాయండి, మోత్రియా గారూ."

"ఏడు ప్రతులేనా బాబూ?"

"ఏడు" అన్నాడు కర్నల్ నీరసంగా.

వారం తర్వాత, బురద మోకాలికొచ్చిన రోజున, కెప్టెన్ బొందార్ లెవ్కో ఇంటి ముందు ఆగాడు. గేటుకు చెక్క మళ్ళీ వేలాడుతోంది. తలుపు ఓరగా తెరిచే ఉంది. కెప్టెన్ తట్టాడు.

"తీసే ఉంది, రండి."

"తెలుసు. తట్టాలని తట్టాను."

గుమ్మంలో వంగి బూట్లు విప్పాడు. లోపలికొచ్చి కోటు లోపల్నుంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ పుస్తకం తగలబెట్టేశాం గదా. ఇది అన్నిటికన్నా అడుగున పడ్డ ఏడో కార్బన్ ప్రతి. అక్షరాలు కాస్త పలచగా ఉంటాయి. నలభై ఒకటీ ఉన్నాయి."

లెవ్కో కట్టను రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక్కో కాగితమే తిప్పుతూ, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. కొన్ని చోట్ల ఆగి, "ఇది నేనే రాశానా?" అన్నట్టు చూశాడు. చివరి కాగితం దగ్గర వేలు పెట్టి, "ఈ నాలుగోది మీదేనని కాగితం మీద రాసిస్తారా?" అన్నాడు.

కెప్టెన్ నవ్వబోయాడు. లెవ్కో నవ్వడం లేదు.

జీవితంలో ఎవరికీ ఏదీ రాసివ్వని ఆ మనిషి, మేజోళ్ళతో ఆ చల్లటి నేల మీద నిలబడి, వంగి, పెన్సిలుతో రాశాడు. 'పై పద్యములో నాలుగో పాదము నాది. స్విరిద్ బొందార్.' తేదీ వేశాడు. లెవ్కో చదివి, మడిచి, ఒప్పందం చెక్క వెనకాల దోపడానికి పక్కన పెట్టుకున్నాడు.

కెప్టెన్ వెళ్ళడానికి కదిలి, కదలక నిలబడ్డాడు. దుంపల మనిషి. అడక్కుండా ఉండలేకపోయాడు.

"నిజం చెప్పండి. అందులో మట్టి ఎంతుంది?"

లెవ్కో గుమ్మం వైపు చూశాడు.

"మట్టెక్కడిదండీ? బూట్లు అక్కడే విప్పారుగా."